నాలుగో జాము ఎవరిది?

కలలు కనడం నేర్చుకుంటున్నాను అని చెప్పగానే మావారు పేపరు కిందికి దించి నా మొహంలోకి ఓసారి చూశారు. "కొత్తగా నేర్చుకోవడం ఎందుకు? నిన్న పప్పులో ఉప్పు మర్చిపోయినప్పుడు కలలోనేగా వున్నావు!" అన్నారు.

మీరూ నవ్వండి, ఫరవాలేదు. మొదట్లో నేనూ నవ్వాను. హైదరాబాదులో చదువుకుంటున్న మా ఆడపడుచు కూతురు సెలవలకి మొవ్వ వచ్చినప్పుడు నాకు అంటించి పోయిన పిచ్చి ఇది. "లూసిడ్ డ్రీమింగ్ అంటారత్తయ్యా! కలలో వుండగానే 'ఇది కల' అని మనకి తెలిసిపోతుంది. తెలిశాక ఇంక మనిష్టం. ఎగరొచ్చు, పోయినవాళ్ళతో మాట్లాడొచ్చు. నవలలు రాసేదానివి, నీకు బాగా పనికొస్తుంది. ఎవరైనా నేర్చుకోవచ్చు, మూడే మూడు పాఠాలు" అంది.

ఆ "ఎవరైనా" అన్న మాట దగ్గరే నా తగాదా. అక్కడికి తర్వాత వస్తాను.

ముందు ఆ విద్య సంగతి చెప్పాలి. ఇది గాలికబురు కాదు. మెలకువ, కల, గాఢనిద్ర అంటూ మనిషి అవస్థలని మాండూక్యోపనిషత్తు ఏనాడో లెక్కపెట్టింది. టిబెట్ బౌద్ధులు కలలో ఎరుక తెచ్చుకోవడాన్ని ఒక సాధనగానే చేశారు. ఈ ఇంగ్లీషు పేరుని 1913లో వాడుకలోకి తెచ్చినవాడు ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ అనే డచ్చి వైద్యుడు. ఆయన నవలలు కూడా రాశాడు. అంచేత నాకు కాస్త అభిమానం. అయినా శాస్త్రజ్ఞులు చాలాకాలం నమ్మలేదు. నిద్రపోతున్నవాడు "నాకు తెలుసు" అంటే బయటవాళ్ళకి వినపడేదెలా?

1975లో ఇంగ్లండులో హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ అనే ఆయన ఒక ఉపాయం పట్టాడు. కలలు ముమ్మరంగా వచ్చే నిద్రలో ఒళ్ళంతా కదలకుండా పడివున్నా, రెప్పల కింద కళ్ళు మాత్రం కదులుతూనే వుంటాయి. "కల అని తెలియగానే కళ్ళు ఎడమకీ కుడికీ తిప్పు" అని అలన్ వర్స్‌లీ అనే ఆయనతో ముందుగానే ఒప్పందం చేసుకున్నాడు. ఆయన నిద్రలోంచి అలాగే తిప్పాడు, యంత్రం మీద గీత పడింది! తర్వాత కొన్నేళ్ళకి అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లబర్జ్ కూడా ఇలాగే రుజువు చేసి, నేర్చుకునేవాళ్ళకి పాఠాలు తయారుచేశాడు. 2021లో అచ్చయిన ఒక పరిశోధనలో అయితే, కలలో వున్నవాళ్ళని ఎనిమిదిలోంచి ఆరు తీస్తే ఎంత అని అడిగితే కళ్ళతోనే జవాబు చెప్పిన సందర్భాలున్నాయి. మెలకువగా వుండి చెప్పలేని మా అబ్బాయి గుర్తొచ్చాడు నాకు.

ఇక పాఠాలు. మొదటిది: పొద్దున మెలకువ రాగానే కదలకూడదు. కళ్ళు మూసుకుని అలాగే పడుకుని, జారిపోతున్న కలని తోక పట్టుకుని వెనక్కి లాగాలి. లాగి, పుస్తకంలో రాసుకోవాలి. రెండోది: పగలు పదిసార్లు "ఇది కలా, నిజమా?" అని పరీక్ష చేసుకోవాలి. చేతివేళ్ళు లెక్కపెట్టుకోవాలి. ముక్కు మూసుకుని గాలి పీల్చి చూడాలి. కలలో అయితే మూసిన ముక్కులోంచీ గాలి ఆడుతుందిట. ఏదైనా బోర్డు చదివి, తల తిప్పి, మళ్ళీ చదవాలి. కలలో రెండోసారికి అక్షరాలు మారిపోతుంటాయి. పగలు అలవాటైన పని రాత్రి కలలోనూ చేస్తామని, అప్పుడు దొంగ దొరికిపోతాడని వాళ్ళ ఆశ. మూడోది: అయిదు గంటలు నిద్రపోయాక లేచి, కాసేపు మెలకువగా వుండి, "ఈసారి కల వస్తే కల అని గుర్తుపడతాను" అనుకుంటూ మళ్ళీ పడుకోవాలి.

రెండో పాఠం తేలిగ్గానే పట్టుబడింది. కూచిపూడిలో బస్సు కోసం నిలబడి ముక్కు మూసుకున్నాను. పక్కనున్న పెద్దావిడ "మురుగు కంపు గదమ్మా, నాకూ భరించరాకుండా వుంది" అని తనూ కొంగు అడ్డం పెట్టుకుంది.

ఒకటో పాఠం, మూడో పాఠం దగ్గరే బండి ఆగిపోయింది.

"మెలకువ రాగానే కదలొద్దు" అని రాసిన పెద్దమనిషి ఇంట్లో పాలెవరు తీసుకున్నారండీ? కళ్ళు మూసుకుని కల తోక పట్టుకునేసరికి గుమ్మంలో పాలవాడి కేక. మోటారు వెయ్యాలి, కరెంటు పోతే నీళ్ళుండవు. వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టాలి. డికాక్షన్ దిగాలి. అబ్బాయికి ఆరున్నరకి బస్సు. ఇందులో ఏది కదలకుండా చెయ్యను?

ఇక మూడో పాఠం చదివి నాకు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది. గిన్నెలు కడిగి, పాలు తోడుపెట్టి, తలుపులు వేసి మన ఇళ్ళలో ఆడది నడుం వాల్చేసరికి పదకొండు. లేచేది నాలుగింటికి. లెక్క చూడండి, సరిగ్గా అయిదు గంటలు! అయిదు గంటలకి లేవడమనే సగం పాఠం మనకి ఎవరూ నేర్పనక్కర్లేదు, తరతరాలుగా కంఠతా వచ్చు. "మళ్ళీ పడుకోండి" అనే రెండో సగమే మన చెవిన ఎవరూ వెయ్యలేదు.

ఇది ఉత్త చమత్కారం కాదు. కళ్ళు కదిలే ఆ నిద్ర సంగతి 1953లో షికాగోలో బయటపడింది. అది రాత్రంతా ఒకేలా రాదు. సుమారు తొంభై నిమిషాలకోసారి వస్తుంది. మొదటి విడత పది నిమిషాలే వుంటుంది. తెల్లవారే కొద్దీ విడతలు పొడుగవుతాయి. చివరివి అరగంట దాటినా దాటుతాయి. అంటే కలల పంట ఎక్కువగా పండేది చివరి జాములోనే. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మన పెద్దవాళ్ళు అన్నదీ ఆ జాము గురించే. నిజమయ్యే మాట అటుంచి, ఆ కల పొడుగ్గా వుంటుంది, గుర్తుంటుంది. ఆ పొలాన్నే మనం రోజూ కోతకి ముందు వదిలేసి వంటింట్లోకి పోతున్నాం.

మా దగ్గరలో కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం వుంది. కళింగ దండయాత్రకి పోతూ శ్రీకృష్ణదేవరాయలు అక్కడ ఆంధ్రవిష్ణువుని దర్శించి ఏకాదశి ఉపవాసం వున్నాడు. ఆ రాత్రి దేవుడు కలలో కనబడి తెలుగులో కావ్యం చెప్పమన్నాడు. అదే 'ఆముక్తమాల్యద'. ఆ కల వచ్చింది రాత్రి నాలుగో జామున అని రాయలే ఆ కావ్యంలో చెప్పుకున్నాడు. చెప్పుకోడా మరి? ఆ వేళకి డేరా బయట నిలబడి "పాలొచ్చాయి" అని అరిచేవాడు లేడు గదా! తిరుమలదేవి కలలోకో చిన్నాదేవి కలలోకో ఏ దేవుడైనా వచ్చి కావ్యం అడిగాడో లేదో మనకి తెలియదు.

కూచిపూడివారు ఆడే 'ఉషాపరిణయం' చూశారుగా. ఉష కలలో అనిరుద్ధుణ్ణి చూస్తుంది, చిత్రరేఖ బొమ్మలు గీసి అతనెవరో పోల్చి పెడుతుంది. మొదటి పాఠంలో చెప్పిన కలల పుస్తకం అదే గదా! కాని ఉష రాచబిడ్డ, బొమ్మలు గీసి పెట్టడానికి చెలికత్తె వుంది. పనిచేసుకు బతికే ఆడవాళ్ళలో నాకు గుర్తొచ్చే కల త్రిజటదొక్కటే. తోటి కాపలాకత్తెలంతా సీతని బెదిరిస్తుంటే ఆ ముసలమ్మ నిద్ర లేచి, రాబోయేదంతా కలలో చూశానని చెప్పింది. కాపలా పనిలో కునుకు తీసినదానికే కల దక్కింది!

"బ్రాహ్మీముహూర్తంలో లేవడం ఆరోగ్యం గదండీ, మా అమ్మమ్మ అలా లేచే తొంభై ఏళ్ళు బతికింది" అంది మా వీధిలో ఒకావిడ. లేవండమ్మా, ఎవరు కాదన్నారు? మీ అమ్మమ్మ దీపాలు పెట్టిన గంటకే పక్కెక్కేది. ఎనిమిదింటికి పడుకుని నాలుగింటికి లేస్తే ఎనిమిది గంటలు. ఆవిడ లేచే వేళ తెచ్చుకున్నాం, పడుకునే వేళ వదిలేశాం. "తెల్లారేదాకా పడుకునే ఆడది కొంపకి చేటు" అనేవారికీ ఒక ప్రశ్న. ఏడున్నరకి లేచే మగాళ్ళ వల్ల ఇన్నేళ్ళుగా ఎన్ని కొంపలు కూలాయి? 2019లో ప్రభుత్వం చేసిన టైమ్ యూజ్ సర్వే చూడండి. ఇంటిపని చేసే ఆడవాళ్ళు అప్పట్లో దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెట్టారు. చేసే ఆ కాసిని మగవాళ్ళు 97. మిగిలిన 202 నిమిషాల్లో ఒక గంట మా నాలుగో జాములోంచి తీసిందే అని నా ఫిర్యాదు.

నాదేముంది, కాయితాల మీద కథలు అల్లుకునేదాన్ని. నాట్ల రోజుల్లో మూడున్నరకే లేచి, అన్నం కేరేజీలు కట్టుకుని, చీకట్లోనే కాలవగట్టు వెంట నడిచిపోయే వాళ్ళని అడగండి కల ఎప్పుడు పూర్తిగా చూశారో.

అసలు ఇంత ఆవేశం నా నవలల కోసం కాదు, మా అమ్మ కోసం.

అమ్మది నాగాయలంక వైపు. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచినప్పటికి ఆవిడకింకా పెళ్ళి కాలేదు. ఆ ఒక్క ఉప్పెనకి పోయినవాళ్ళు అధికార లెక్కల్లోనే పదివేల దాకా. అందులో అమ్మ చెయ్యి పట్టుకుని వున్న ఏడేళ్ళ తమ్ముడొకడు. అప్పటినించి అమ్మకి ఒకటే కల. నీళ్ళొస్తుంటాయి. నడుము దాకా వస్తాయి. చేతిలో చెయ్యి జారడం మొదలుపెడుతుంది. అక్కడికి ఉలిక్కిపడి లేస్తుంది. లేచేసరికి నాలుగవుతుంది, ఇంక పడుకోదు. అంట్లు ముందేసుకుంటుంది. నాన్న పోయాక నా దగ్గరికి వచ్చిందగ్గర్నించీ మరీను. "అల్లుడింట్లో వుంటూ తెల్లారేదాకా పడుకుంటే నలుగురూ ఏమనుకుంటారే?" అంటుంది.

పీడకలలకి ఈ విద్య పనికొస్తుందేమోనని పరీక్షలు జరిగాయి. 2006లో నెదర్లాండ్స్ వాళ్ళు 23 మందితో చేసిన చిన్న పరీక్షలో, నేర్చుకున్నవాళ్ళకి పీడకలలు తగ్గాయి. విచిత్రమేమిటంటే, కలలో తెలివి రానివాళ్ళకీ తగ్గాయి! ఇదంతా చెప్పి, "నువ్వూ నేర్చుకోవే అమ్మా, కల అని తెలిస్తే భయం వుండదు" అన్నాను. అమ్మ అంట్లు తోముతూనే, "నాకు తెలివెందుకే, ముందు నిద్ర పోనిస్తే చాలదూ?" అంది.

ఆ మాటతో నాకు మెలకువ వచ్చింది. ఎవరు పోనివ్వడం లేదు? నేనే గదా! ఇరవై రోజులుగా నా కలల కోసం అలారాలు పెట్టుకుంటూ, పొద్దున్నే అమ్మ తోమిన గిన్నెలో పాలు కాస్తున్నది నేనే గదా!

ఆ రాత్రి వంటింటికి తాళం వేసి, తాళంచెవి మావారి చేతికిచ్చాను. "ఆరింటిదాకా నాకూ అమ్మకీ వంటిల్లు లేదు. పాలూ కాఫీ మీవి" అన్నాను. ఆయన గొణిగారు, కాని తీసుకున్నారు. అమ్మ మాత్రం మూడు రోజులు నాలుగింటికే లేచి తాళం వంక చూసి, నన్ను తిట్టుకుంటూ మళ్ళీ మంచమెక్కింది.

నా సంగతి ముందు చెప్పేస్తాను. ఆ వారంలోనే ఓ తెల్లవారుజామున బస్సు బోర్డు మీద గుడివాడ అని చదివి, తల తిప్పి చూస్తే మచిలీపట్నం అని వుంది. "అరె, కల!" అనుకున్నాను. ఆ సంతోషానికే మెలకువ వచ్చేసింది. కొత్తవాళ్ళకి ఇలాగే అవుతుందిట. కలలోనే చేతులు రుద్దుకుంటే నిలబడుతుందిట. అంతే నా విద్య. ఎగరనూ లేదు, ఏమీ లేదు.

తొమ్మిదో రోజున అమ్మ ఆరున్నరకి లేచింది. వచ్చి వసారాలో కూర్చుంది. "నీళ్ళొచ్చాయే. చెయ్యి జారిపోయింది. అయినా మెలకువ రాలేదు. చూస్తూనే వున్నా. తర్వాత నీళ్ళు తీసేశాయి. గట్టు కనపడింది" అంది.

"మావయ్య కనపడ్డాడా?"

"లేడు" అంది. కాసేపాగి, "గట్టు మాత్రం కనపడింది" అంది మళ్ళీ.

ఇన్నేళ్ళ తర్వాత ఆ కల చివర చూసింది మా అమ్మ. కల అని ఆవిడకి తెలియనేలేదు. ఏ పాఠమూ చదవలేదు. చేసిందల్లా మళ్ళీ పడుకోవడం.

అందుకని, కలల విద్య నేర్పేవారికి నా మనవి. మీ విద్య మంచిదే, కాని మొదటి పాఠానికి ముందు ఇంకో పాఠం చేర్చండి: "ఈ ఇంట్లో చివర నిద్రపోయేది, మొదట లేచేది ఎవరు?" అని. అసలే నిద్ర పట్టనివారూ, మనసు బాగాలేనివారూ మాత్రం ఆ అర్ధరాత్రి పాఠం జోలికి పోకుండా డాక్టరుని అడగండి. మిగతా ఆడవాళ్ళకి చెప్పేదొక్కటే. తెలివి తర్వాత తెచ్చుకోవచ్చు, ముందు ఆ నాలుగో జాము రాబట్టుకోండి. అడిగితే ఎవరూ ఇవ్వరు. తాళం వెయ్యండి.

ఇది రాస్తుండగా మావారు కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళారు. అలవాటుకొద్దీ వేళ్ళు లెక్కపెట్టుకున్నాను. అయిదే వున్నాయి. కాఫీ నిజమే, డికాక్షనే పల్చన.