హిమాలయాల బరువును మోస్తున్నదేమిటి?

హిమాలయాల లోతుల్ని తెలుసుకోవాలంటే భూకంప తరంగాలు, ఉపగ్రహాలు చాలనీ, గ్రావిమీటర్‌తో లోయలన్నీ తిరిగి గురుత్వాకర్షణను కొలవడం పాతకాలపు పద్ధతనీ ఒక అభిప్రాయం ఉంది. అది సరికాదు. పర్వతాల కింద భూపటలం ఎలా ఉంటుందన్న ప్రశ్నకు పదును పెట్టింది మన దేశంలోని కొలతలే. 1802లో మద్రాసులో మొదలైన మహా త్రికోణమితి సర్వే ఉత్తరాదికి చేరాక, కలియానా, కలియాన్‌పూర్ కేంద్రాల అక్షాంశాల తేడా నేల మీది కొలతలో ఒకలా, నక్షత్రాల ఆధారంగా మరోలా వచ్చింది. రెండింటికీ కోణంలో 5.236 సెకన్ల వ్యత్యాసం. నక్షత్రాల కొలతలో నిట్టనిలువు దిశను చూపే, దారానికి వేలాడే గుండును హిమాలయాలు తమవైపు లాగడమే కారణమనుకుని, కలకత్తాలోని క్రైస్తవ మతాధికారి జాన్ హెన్రీ ప్రాట్ పైకి కనిపించే కొండల ద్రవ్యరాశితో లెక్కగట్టారు. వ్యత్యాసం దాదాపు 15.9 సెకన్లు ఉండాలని తేలింది. లాగాల్సిన దాంట్లో కొండలు మూడో వంతే లాగుతున్నాయి! కొండ కింద ఎక్కడో ద్రవ్యరాశి తక్కువ పడిందన్నమాట.

నీటిపై తేలే దుంగల్లో ఎత్తుగా లేచినది లోతుగానూ మునిగి ఉన్నట్టే, పర్వతాల కింద తేలికైన భూపటలం లోతుగా దిగి ఉంటుందని 1855లో బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఎయిరీ అన్నారు. లోతు అంతటా ఒకటేననీ, సాంద్రతే మారుతుందనీ ప్రాట్ తర్వాత వాదించారు. ఆ కొలతకు రెండు వివరణలూ సరిపోయాయి. గురుత్వ పద్ధతిపై ప్రధాన ఆక్షేపణ ఇదే, అది న్యాయమైనది కూడా. ద్వీపకల్పంలో 35–40 కిలోమీటర్లున్న భూపటలం టిబెట్ కింద 70 దాకా ఉందని నిర్ధారించింది భూకంప తరంగాలే. కానీ ఆ మందం ఒక్కటే పర్వతం ఎలా నిలబడిందో చెప్పదు. 1980ల్లో భూభౌతిక శాస్త్రవేత్తలు హెలెన్ లియాన్-కాన్, పీటర్ మోల్నార్ గురుత్వ వ్యత్యాసాలను విశ్లేషించి, హిమాలయాలు తమ కింద లోతుగా దిగిన భూపటలపు వేరు మీదే పూర్తిగా తేలడం లేదని చూపారు. వాటి భారంలో కొంత భాగాన్ని, ఉత్తరానికి వంగుతున్న దృఢమైన భారత ఫలకమే మోస్తోంది. ఆ వంపులో ఏర్పడిన పల్లంలోనే గంగా మైదానపు ఒండ్రు పేరుకుంది. మన తెలుగు నేలను మోస్తున్నదీ ఆ ఫలకమే.

ఉపగ్రహాలున్నాయి కదా అనవచ్చు. 2009–13 మధ్య పనిచేసిన, గురుత్వాన్ని కొలిచే గోచే ఉపగ్రహం సుమారు 250 కిలోమీటర్ల ఎత్తున తిరిగింది. అంత ఎత్తులో చిన్న మార్పుల జాడ మసకబారిపోతుంది. వంద కిలోమీటర్లకు బాగా తక్కువ పరిధిలో, లోయకూ లోయకూ మారే నిర్మాణాన్ని నేల మీదే కొలవాలి. కొలిచిన చోటి ఎత్తులో ఒక మీటరు తప్పితే ఫలితం 0.2 మిల్లీగ్యాల్ (గురుత్వ కొలతల ప్రమాణం) మేర మారుతుంది కాబట్టి ఒకప్పుడు అది కష్టసాధ్యం. ఇప్పుడు ఉపగ్రహ స్థాననిర్ధారణతో ఆ ఎత్తు సులువుగా దొరుకుతోంది. ఈ కొలతలు భూకంపం ఎప్పుడు వస్తుందో చెప్పవు, అలా చెబుతామని ఎవరూ ఆశపెట్టకూడదు. ఫలకం ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ తీరు మారిందో మాత్రం చెప్పగలవు. హిమాలయాల్లో పెట్టే ప్రతి కొత్త భూకంప నమోదు కేంద్రాల వరుస వెంట గురుత్వ కొలతల వరుస కూడా ఉండాలి. రెండు విద్యలూ ఒకే కప్పు కింద ఉన్న హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వంటి చోట్లకు అందుకు కావాల్సిన నిధులు, మనుషులు అందాలి.