మా గల్లీకి ఫైబర్ ఎప్పుడు?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలలో బీడీలు చుట్టే తల్లి, మరమగ్గం నడిపే తండ్రి, గల్ఫ్‌లో కష్టపడే అన్న ఉన్న ఇండ్లకు ఇంటర్నెట్ విలాస వస్తువుగా ఉన్న కాలం గడిచిపోయింది. స్కాలర్‌షిప్ దరఖాస్తు, హజ్ దరఖాస్తు, పరీక్షా ఫలితాలు, పింఛను వివరాలు అన్నీ ఆన్‌లైన్‌కే చేరాయి. 2025 జూన్ 6న కేంద్రం ఉమీద్ పోర్టల్‌ను ప్రారంభించి, దేశంలోని వక్ఫ్ ఆస్తుల వివరాలన్నీ ఆరు నెలలలో అందులో నమోదు చేయాలన్నది. ఆ చట్టంపై మన అభ్యంతరాలు వేరే చర్చ. గడువు పెట్టిన ప్రభుత్వం, ఆ పత్రాలను పంపడానికి కావలసిన తీగ ప్రతి గల్లీకి ఎప్పుడు చేరుతుందో కూడా చెప్పాలి కదా అన్నదే ఇక్కడ మా ప్రశ్న.

ఇంట్లో ఉన్న ఒక్క సెల్‌ఫోన్‌ను నలుగురు పంచుకుంటే చదువు సాగదు. ఆ ఫోను ఇంటి పెద్దతో బయటికి వెళ్లిందంటే ఆడపిల్ల పాఠం అక్కడితో ఆగిపోతుంది. ఇంటికే ఫైబర్ వస్తే ఆమె ఎవరినీ బతిమాలకుండా, నెట్ సెంటర్ మెట్లెక్కకుండా తన పని తాను చేసుకోగలదు. కేరళలో ఫహీమా షిరిన్ అనే కళాశాల విద్యార్థిని హాస్టల్‌లో ఫోన్ వాడకంపై పెట్టిన ఆంక్షలను సవాలు చేసినప్పుడు, ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులోనూ గోప్యతా హక్కులోనూ భాగమని ఆ రాష్ట్ర హైకోర్టు 2019 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. ఇంటర్నెట్ ద్వారా భావప్రకటన చేయడానికి, వృత్తి వ్యాపారాలు సాగించడానికి రాజ్యాంగ రక్షణ ఉన్నదని 2020 జనవరి 10న అనూరాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు ప్రకటించింది.

హక్కు కాగితంపై ఉన్నది. తీగ ఎక్కడ ఆగింది? 2011లో ఆమోదం పొంది, తరువాత భారత్‌నెట్‌గా పేరు మార్చుకున్న పథకం ఫైబర్‌ను గ్రామ పంచాయతీ దాకా తీసుకువెళ్లడానికి ఉద్దేశించినది. తెలంగాణలో మిషన్ భగీరథ నీటి గొట్టాల వెంటే ఫైబర్ గొట్టాలు కూడా వేసి, టీ-ఫైబర్ సంస్థ ద్వారా ప్రతి ఇంటికీ ఇంటర్నెట్ ఇస్తామన్నారు. 2024 డిసెంబరులో ప్రయోగాత్మక సేవలు ప్రారంభమైన కొద్ది గ్రామాలలో పొరుగున ఉన్న పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ ఒకటి. అక్కడికి వచ్చినది మన దాకా ఎప్పుడు వస్తుందని అడగడంలో తప్పేమీ లేదు.

అడిగే ముందు రెండు సంగతులు గ్రహించాలి. పంచాయతీ కార్యాలయానికి ఫైబర్ చేరడం వేరు, ఇంటికి చేరడం వేరు. కార్యాలయం నుండి వీధి స్తంభంపై ఉండే పంపిణీ పెట్టెకు, ఆ పెట్టె నుండి గడపకు తీగ లాగాలి. పెట్టెలో ఖాళీ ఉండాలి. 'మీ ఊరికి వచ్చేసింది' అన్న మాట విని ఊరుకోరాదు. రెండవది, భారత్‌నెట్ లెక్క పంచాయతీల లెక్క. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పురపాలక పట్టణాలు. ఇక్కడి గల్లీలకు తీగ రావడం ఎక్కువగా బీఎస్ఎన్ఎల్, ప్రైవేటు కంపెనీలు, స్థానిక కేబుల్ ఆపరేటర్ల నిర్ణయంపై ఆధారపడుతుంది. ఒక గల్లీలో ఎన్ని కనెక్షన్లు వస్తాయన్నదే వారు ముందుగా చూసే లెక్క. అడిగేవారు కనబడని గల్లీ వారి జాబితాలో చివరికి జారిపోతుంది.

ప్రభుత్వమూ ఈ సూత్రాన్నే ఒప్పుకున్నది. 2023 ఆగస్టు 4న కేంద్ర మంత్రివర్గం ₹1,39,579 కోట్లతో ఆమోదించిన సవరించిన భారత్‌నెట్‌లో, పంచాయతీ కేంద్రాలు కాని సుమారు 3.8 లక్షల గ్రామాలకు కోరిక మేరకే కనెక్షన్ ఇస్తామన్నారు. కోరనిదే రాదన్నమాట. మన మూడు పట్టణాల చుట్టూ ఉన్న చిన్న గ్రామాల వారు ఈ మాటను గుర్తుంచుకోవాలి.

సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉన్నది. బీఎస్ఎన్ఎల్, టీ-ఫైబర్, మున్సిపాలిటీ అన్నీ జవాబు చెప్పవలసినవే. అయితే 'ఎప్పుడు ఇస్తారు?' అని మాత్రమే రాస్తే 'అటువంటి సమాచారం మా వద్ద లేదు' అన్న ఒక్క వాక్యంతో తప్పించుకోవచ్చు. రికార్డులు అడగాలి. మా వార్డుకు ఆమోదించిన ఫైబర్ ప్రణాళిక, గుత్తేదారుకు ఇచ్చిన పని ఉత్తర్వు, అందులోని గడువు తేదీ, పంపిణీ పెట్టెల జాబితా, వాటిలో ఖాళీల సంఖ్య నకళ్లు కోరాలి. ప్రైవేటు కంపెనీ నేరుగా ఈ చట్టం కిందకు రాకపోయినా, తవ్వకాలకు, స్తంభాలకు మున్సిపాలిటీ ఇచ్చిన అనుమతుల ప్రతులు అడగవచ్చు. రుసుము ₹10, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. 30 రోజులలో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజులలోపు మొదటి అప్పీలు వేయాలి. 2017 నుండి ఉర్దూ రాష్ట్ర రెండవ అధికార భాష కనుక తెలుగు రాని పెద్దలు ఉర్దూలోనే దరఖాస్తు రాయవచ్చు.

అమెరికాలో 2022 నవంబరు నుండి ప్రభుత్వ పటంలో ఎవరైనా తమ ఇంటి చిరునామా వెతికి, అక్కడ ఏ సేవ ఉన్నదో చూడవచ్చు. పటం తప్పని తోస్తే అభ్యంతరం నమోదు చేయవచ్చు. మన దేశంలోనూ మొబైల్ కంపెనీలు తమ కవరేజీ పటాలు ప్రచురించాలని ట్రాయ్ 2024 నిబంధనలలో ఆదేశించింది. ఇంటి ఫైబర్‌కూ అటువంటి పటం వార్డుల వారీగా, గల్లీల వారీగా, తేదీతో సహా ప్రజల ముందు ఉంచాలని మేము డిమాండ్ చేస్తున్నాము. మూడు పట్టణాల కౌన్సిళ్లు తమ వార్డుల జాబితాను కార్యాలయ గోడపై అంటించడానికి ఏ కొత్త చట్టమూ అక్కరలేదు.

మసీదు కమిటీలకు, యువజన సంఘాలకు, మహిళా బృందాలకు మా విన్నపం ఇది. వచ్చే జుమా తరువాత ఒక కాగితం తీసుకుని గల్లీలో ఎన్ని ఇండ్లకు కనెక్షన్ కావాలో రాయండి. పక్కింటి పద్మశాలి కుటుంబం పేరూ, ఎదురింటి దళిత కుటుంబం పేరూ అందులో ఉండాలి. తీగ ఒక్క ఇంటి కోసం రాదు. ఆ జాబితాను సంతకాలతో కౌన్సిలర్‌కు, బీఎస్ఎన్ఎల్ కార్యాలయానికి, ఆపరేటర్‌కు ఇచ్చి రసీదు తీసుకోండి. సమాచార హక్కు దరఖాస్తుకు దానినే జతచేయండి. 'త్వరలో' అన్న జవాబు వస్తే దానిని ఒప్పుకోకండి. నెల, సంవత్సరం రాసిన కాగితం చేతికి వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.