తప్పంతా వలదేనా?

పంట దెబ్బతిన్న ఏడాది ఎవరు పొలానికొచ్చినా ముందు అడిగేది ఎంత యూరియా వేశావు, ఏ మందు కొట్టావు అనే. ఎండ సంగతి, వాన సంగతి తర్వాత. ఆఫ్రికాలో టాంగన్యీకా సరస్సు మీద బతికే జాలర్లకూ ఇదే ఎదురవుతోంది. చేప తగ్గితే తప్పు వాళ్ల వలదే అంటున్నారు.

కొండల నడుమ లోయలో సుమారు 1,470 మీటర్ల లోతున్న సరస్సు అది. టాంజానియా, కాంగో, బురుండి, జాంబియా దేశాలు దాని ఒడ్డున ఉన్నాయి. రాత్రిళ్లు దీపాలు పెట్టి డగా అనే చిన్న చేపను పడతారు. మన నెత్తళ్ల మాదిరే ఎండబెట్టి అమ్ముతారు. పేదింటి కూర అదే.

ఆ చేపకు మేత ఎక్కడిది? నీటిలో కంటికి ఆనని నాచును సన్న పురుగులు తింటాయి, వాటిని చేప తింటుంది. నాచుకు ఎండా కావాలి, ఎరువూ కావాలి. ఎండ పైనే ఉంటుంది. చచ్చినదంతా కిందికి దిగుతుంది కనుక ఎరువు అడుగున చేరుతుంది. మే నుంచి సెప్టెంబరు దాకా వీచే దక్షిణపు గాలులు పైనీటిని నెట్టేస్తే కిందినీరు లేస్తుంది. అక్కడ దుక్కి దున్నేది గాలే అనుకోండి. పైనీరు వేడెక్కితే తేలికై మూతలా కూర్చుంటుంది, ఎరువు పైకి రాదు.

అన్ని సరస్సులకూ ఒకటే లెక్క కాదు. అమెరికాలో క్యాజిల్ అనే చిన్న కొండ సరస్సులో మంచు ఎక్కువ పడి ఆలస్యంగా కరిగిన ఏడాది నాచు తగ్గుతుంది. అక్కడ చలి దెబ్బ, ఇక్కడ వేడి దెబ్బ.

టాంగన్యీకాలో నాచు ఉత్పత్తి సుమారు 20 శాతం తగ్గి ఉండొచ్చని, అంటే చేపల దిగుబడి 30 శాతం దాకా పడిపోతుందని 2003లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. 2016లో మరికొందరు అడుగు బురద పొరల్లో చేపల అవశేషాలు వెతికారు. పెద్ద ఎత్తున వ్యాపార వేట మొదలవకముందే చేప తగ్గుతూ వచ్చిందని తేలింది.

వల తప్పు అసలే లేదని మేమనం. పిల్లచేపల్ని ఊడ్చే సన్నకన్ను వలలు ఆపాల్సిందే. 2024లో టాంజానియా తనవైపు మే 15 నుంచి ఆగస్టు 15 దాకా వేట మూసింది. మంచిదే, కానీ ఆ మూడు నెలలు పొయ్యి వెలిగేదెలా? ఆంధ్రప్రదేశ్‌లో సముద్ర వేట నిషేధ కాలానికి మత్స్యకార కుటుంబాలకు భృతి ఇస్తున్నారు. టాంగన్యీకా జాలరికీ అలాంటిది దక్కాలి. ఆ ఖర్చును దశాబ్దాలుగా పొగ వదిలి సంపన్నమైన దేశాల దగ్గర వసూలు చేయాలని మేము డిమాండ్ చేస్తున్నాం.