ఇల్లు కట్టు వస్తువులు - ఇల్లాలి పరీక్షలు



“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలందురు. ఈ రెంటిలో పెండ్లి విషయమున స్త్రీల మాటకు విలువ కలదు. పట్టుచీర అంచును తిరుగవేసి చూచువారును, బంగారమును ఒరపెట్టి చూపుమని అడుగువారును, కందిపప్పును అరచేత బోసికొని పరికించువారును మనమే. ఇల్లు కట్టు విషయమున మాత్రము మన పని గృహప్రవేశమునాడు పాలు పొంగించుటతో మొదలగుచున్నది. అంతకు ముందే కుటుంబము కూడబెట్టినదంతయు గోడలలోనికి పోయియుండును. బ్యాంకు అప్పు చాలదేని నగలును పోయియుండును. పిమ్మట గోడ చెమ్మగిల్లినను, పెచ్చులూడినను, పడకగది మూల బూజు పట్టి పిల్లలు దగ్గుచున్నను, ఆ బాధ దినమెల్ల ఇంట నుండు ఇల్లాలిదే.

ఇల్లు కట్టు వస్తువుల మంచిచెడ్డలు తెలిసికొనుటకు పెద్ద చదువు అక్కఱలేదు. ఇటుక గాని, ఇసుక గాని, సున్నము గాని, సిమెంటు గాని, నీటితో దానికి గల పొత్తు నెఱిగినచో దాని గుణము సగము తెలిసినట్లే. నీరు కొన్నింటికి ప్రాణము, కొన్నింటికి చేటు. ఎసరు కొలత తప్పక పెట్టగల మనకు ఈ లెక్క కష్టము కాదు. అందుచేత ఈ మాసము ఈ శీర్షికలో ఆ వస్తువులను ఒక్కొక్కటిగా విచారింతము.

ఇటుక

గోదావరి, కృష్ణా డెల్టాలలోని ఒండ్రుమట్టితో ఇటుకలు కోసి, ఆఱబెట్టి, బట్టీ పేర్చి కాల్చుదురు. మంట చక్కగా తగిలిన ఇటుక రాతివలె నగును. తగలనిది మట్టిగానే మిగులును. రెండింటిని చేత బట్టి ఒకదానితో నొకటి తట్టుడు. ఖంగుమని మ్రోగినచో మంచివి. బొద్దుగా పలికినచో పచ్చివి. గోటితో గీచినప్పుడు గీత పడరాదు. నడుము ఎత్తునుండి నేలపై వదలినప్పుడు ముక్కలు కారాదు.

వీనికంటె గట్టి పరీక్ష యొకటి కలదు. పొడి ఇటుకను తూచి, ఒక దినమంతయు నీట నానవేసి, తుడిచి, మరల తూచుడు. మునుపటి బరువులో ఐదవ వంతుకు మించి పెరుగరాదు. 3 కిలోల ఇటుక 600 గ్రాములకంటె ఎక్కువ నీరు త్రాగినచో, రేపు వానకాలమున మీ గోడయు అట్లే త్రాగును.

మంచి ఇటుకనైనను కట్టుటకు ముందు నీట తడుపవలయును. పొడి ఇటుక తన దప్పి తీర్చుకొనుటకై సిమెంటు అడుసులోని నీటిని పీల్చివేయును. అప్పుడు ఆ అతుకు గట్టిపడక పొడిపొడిగా రాలును. విద్యుత్కేంద్రముల బూడిదతో చేయు ఇటుకలు నేడు విరివిగా దొరకుచున్నవి. వీనిని సాధారణముగా బట్టీలో కాల్చరు, తేమనిచ్చి గట్టిపఱచుదురు. వానికి తగినన్ని దినములు నీరు పట్టిరా యని అడిగి కొనవలయును.

ఇసుక

ఇసుకకు రెండు దోషములు: మట్టియు, ఉప్పును. తడి ఇసుకను అరచేతుల నడుమ నలిపి వదలినప్పుడు చేతికి బురద మరక అంటినచో అందు మట్టి ఎక్కువ. సరిగా తెలియవలెనన్న గాజు గ్లాసులో సగము ఇసుక పోసి, నీరు నింపి, చిటికెడు ఉప్పు వేసి, బాగుగా కలిపి, మూడు గంటలు కదల్పక ఉంచుడు. ఇసుక అడుగునకు దిగి, దానిపై మెత్తని మట్టి పొరగా పేరును. ఆ పొర ఇసుక ఎత్తులో పన్నెండవ వంతుకు మించినచో ఆ ఇసుకను కడిగి వాడవలయును, లేదా త్రిప్పి పంపవలయును. రాతిని పిండిచేసి తీయు ఇసుకకును ఈ పరీక్షయే.

సముద్రతీరపు ఇసుక ఎంత శుభ్రముగా కనబడినను పనికిరాదు. అందలి ఉప్పు గోడలో చేరి తేమను పిలుచును, లోపలి ఇనుమును తినివేయును. ఇదే కారణముచేత ఉప్పునీటి బావినీరును వాడరాదు. మనము త్రాగ నొల్లని నీటిని ఇంటికి త్రాపకుండుట మంచి నియమము.

సున్నము

సిమెంటు రాకపూర్వము మన దేశమున సున్నమే గోడలకు జీవము. హైదరాబాదులో 1591లో వెలసిన చార్మినారు రాతితోడను సున్నముతోడను కట్టినదే. 1847లో ఆరంభించి 1852లో ముగించిన ధవళేశ్వరము ఆనకట్టయు అట్టిదే.

సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిమిలో కాల్చినప్పుడు అందలి బొగ్గుపులుసు వాయువు వెడలిపోవును. మిగిలిన రాతిసున్నముపై నీరు పోసినచో బుసబుస పొంగి, ఉడికి, విరిగి మెత్తని సున్నమగును. తీరమున ఆలిచిప్పలను, నత్తగుల్లలను కాల్చి గుల్లసున్నము చేయుదురు. ఈ సున్నమును ఇసుకతో చేర్చి, ఎద్దులు త్రిప్పు గానుగలో మెదిపి, కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలిపి పూర్వులు వాడెడివారు. గోడలోనికి చేరిన సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకొని మరల రాయి యగును. దీనికి ఏండ్లు పట్టును. తొందరపాటు దానికి సరిపడదు.

తాతలనాటి ఇండ్లు గలవారు ఒక సంగతి మఱవరాదు. సున్నపు గోడ ఊపిరి పీల్చు గోడ. లోనికి వచ్చిన చెమ్మను అది తన పూతద్వారా వెలికి పంపును. అట్టి గోడ పెచ్చులూడినదని పైన సిమెంటు పూయించినచో, చెమ్మకు దారి మూతపడి, లోపలనే నిలిచి, ఇటుకను కొఱికివేయును. కొన్నాళ్లకు ఆ పూత పలకలు పలకలుగా ఊడిపడును. పాత గోడకు సున్నపు పూతయే మందు.

సిమెంటు

1824లో ఇంగ్లండున జోసెఫ్ ఆస్ప్‌డిన్ అను తాపీమేస్త్రీ ఒక సిమెంటునకు హక్కుపత్రము పొందెను. గట్టిపడిన పిదప అది పోర్ట్‌లండు అను చోటి రాతిని పోలియుండుటచే దానికి పోర్ట్‌లండు సిమెంటని పేరు వచ్చినది. మన దేశమున 1904లో మద్రాసులో సిమెంటు చేయ మొదలిడిరి. సున్నపురాయి సమృద్ధిగా గల కడప, కర్నూలు, నల్లగొండ ప్రాంతములు నేడు దీనికి నెలవులు.

సిమెంటు తడి యాఱుటచే గట్టిపడునని పలువురు తలంచుచున్నారు. అది పొరపాటు. సిమెంటు నీటితో కలిసి వేఱొక పదార్థముగా మాఱుటచే గట్టిపడును. నీరు ముందుగా ఆఱిపోయినచో ఆ మార్పు నడుమనే ఆగిపోవును. సున్నము గాలిచేత పండునది. సిమెంటు నీటిచేత పండునది. ఈ ఒక్క భేదము తెలిసినచో చాలు.

బస్తాలో చేయి పెట్టినచో సిమెంటు చల్లగా తగులవలయును; వ్రేళ్ల నడుమ మెత్తగా నుండవలయును; గడ్డలుండరాదు. గడ్డకట్టినదనగా తేమ తగిలి తన బలమును ముందే వ్యయము చేసికొన్నదని అర్థము. మూడు నెలలు దాటిన సిమెంటును పరీక్ష చేయింపక వాడరాదు. బస్తాలను నేలపై గాక చెక్కలపై, గోడకు ఎడముగా పేర్పింపుడు.

కలుపునప్పుడు నీరు మితముగా నుండవలయును. శ్లాబునకు వేయు సాధారణపు కాంక్రీటులో 50 కిలోల బస్తాకు 25 మొదలు 30 లీటర్లు చాలును. జారుగా నున్నచో పని సులభమని కూలివారు మరి రెండు బిందెలు కుమ్మరింతురు. ఆ ఎక్కువ నీరు పిమ్మట ఆఱి, సన్నని రంధ్రములను విడుచును. వాననీరు దిగుటకు అవియే దారులు. పోసినంతవఱకు మితముగా నుండిన నీరు, గట్టిపడిన పిదప ధారాళముగా కావలయును. సాదా సిమెంటునకు కనీసము 7 దినములు, బూడిద కలిపిన రకమునకు కనీసము 10 దినములు ఎడతెగక తడుపవలయును. మన ఎండలకు 14 దినములు తడుపుట మేలు. శ్లాబుపై చిన్న మళ్లు కట్టి నీరు నిలుపుదురు. స్తంభములకు తడి గోనెలు చుట్టుదురు. ఉదయము ఒకసారి చల్లి, మధ్యాహ్నమున గోనె ఎండిపోనిచ్చుట చాలదు. మేస్త్రీ నాలుగు చోట్ల పనిచేయువాడు. ఇంటి యజమాని ఉద్యోగమునకు పోవును. కట్టు చోటికి దగ్గరగా నివసించు ఇల్లాలు మధ్యాహ్నము ఒకసారి వెళ్లి గోనెపై చేయి వేసి చూచినచో, ఆ ఇంటి బలమునకు ఆమె చేసిన మేలు ఎన్ని డబ్బులు పోసినను పిమ్మట రాదు.

ఇనుము

కాంక్రీటులోని ఇనుపకమ్మి త్రుప్పుపట్టినచో ఉబ్బి, పైపెచ్చును పగులగొట్టును. కమ్మిని అచ్చుపలకకు ఆనించి పోయక, నడుమ సిమెంటు బిళ్లలు పెట్టి, చుట్టును తగినంత కాంక్రీటు నిలుచునట్లు చేయవలయును. విశాఖపట్నము, కాకినాడ, మచిలీపట్నము వంటి తీరపు ఊళ్లలో ఈ జాగ్రత్త రెట్టింపు కావలయును.

బండలు

కడప, బేతంచెర్ల, తాండూరు, షాబాదు బండలన్నియు సున్నపురాతి జాతివే. కావున పులుపు వానికి పడదు. వంటగట్టుపై చింతపండు పులుసు, నిమ్మరసము ఒలికి నిలిచినచో మెఱుగు చచ్చి తెల్లని మచ్చలు పడును. స్నానపుగదిలో ఆమ్లము పోసి కడిగినచో బండయే కరగును. సబ్బునీరు చాలును. పులుపు పని ఎక్కువగా నుండు వంటగట్టునకు గ్రానైటు మేలు.

ఒక హెచ్చరిక

సున్నము విఱుగుచున్న గుంటదరికి పిల్లలను పోనీయరాదు. కాలిన సున్నము గాని, తడి సిమెంటు గాని చర్మమును పొక్కించును. కంట పడినచో నలుపక, వెంటనే మంచినీటి ధారతో కనీసము 20 నిమిషములు కడిగి ఆసుపత్రికి పోవలయును. తట్టలు మోయు కూలి స్త్రీలు దినమెల్ల వట్టిచేతులతో ఆ అడుసును ఎత్తుచుందురు. మన ఇల్లు కట్టువారి చేతులు పుండ్లు కాకుండ రబ్బరు తొడుగులు, కడుగుకొనుటకు శుభ్రమైన నీరు ఏర్పఱచుట మన విధి.

మేస్త్రీతో వాదులాడుమని మేము చెప్పుట లేదు. పని తెలిసినవాడు గౌరవింపదగినవాడు. కాని “ఈ ఇటుక తడిపితివా నాయనా? ఈ బస్తా ఏ నెలది? నేడు శ్లాబుపై నీరు నిలిచినదా?” అని మెత్తగా అడుగుటలో తప్పులేదు. అడుగు వారున్నారని తెలిసిన చోట పని దానంతట అదే చక్కబడును.

వచ్చు మాసమున ఇంటి కప్పులను గూర్చి ముచ్చటింతుము.