చచ్చిన జులూను మళ్లీ బల్లెక్కించకండి

దక్షిణాఫ్రికాలో బ్రిటిష్ వాళ్లకీ జులూలకీ జరిగిన రోర్క్స్ డ్రిఫ్ట్ యుద్ధాన్ని బొమ్మ సైనికులతో ఆడేవాళ్లలో ఒక అలవాటు బాగా పాతుకుపోయింది. పాచికలు పడి జులూ దళం ఒకటి నేలకొరిగితే ఆ బొమ్మల్ని ఆటలోంచి తీసేయరు. బల్ల అవతలి అంచుకు పట్టుకెళ్లి మళ్లీ నిలబెడతారు. అవే బొమ్మలు మళ్లీ దాడికి వస్తాయి, మళ్లీ చస్తాయి. ఎర్రకోటు బ్రిటిష్ బొమ్మ పడితే మాత్రం పడినట్టే, దానికి లెక్క రాస్తారు. నాలుగు వేల జులూ బొమ్మలు కొని, రంగులేసి, బల్ల మీద పేర్చడం ఎవరి వల్ల అవుతుందని అడుగుతారు. ఎవరి వల్లా కాకపోతే ఆ యుద్ధం ఆడకండి. ఒకడి చావుకి లెక్కుండి ఇంకొకడి చావుకి లెక్కే లేకపోవడం పాత సామ్రాజ్యం పద్ధతి. సౌకర్యం పేరు చెప్పి దాన్ని ఇవాళ మళ్లీ బల్ల మీదికి తేవడాన్ని నేను సహించలేను.

ఆ రోజు ఏం జరిగిందో ఒకసారి చూడండి. 1879 జనవరి 22న ఇసాండ్ల్‌వానా కొండ కింద జులూ సైన్యం బ్రిటిష్ శిబిరాన్ని తుడిచిపెట్టింది. శిబిరం వైపు 1,300 మందికి పైగా చనిపోయారు. ఆ పోరులో చేయి చేసుకునే వంతు రాని దళాలు కొన్ని బఫెలో నది దాటి రోర్క్స్ డ్రిఫ్ట్‌లోని బ్రిటిష్ స్థావరం మీద పడ్డాయి. బ్రిటిష్ వాళ్ల నటాల్ గడ్డ మీద అడుగుపెట్టొద్దని జులూ రాజు సెట్ష్‌వాయో ముందే ఆజ్ఞ ఇచ్చాడు. ఆయన సవతి తమ్ముడు డబులమాంజి దాన్ని పెడచెవిన పెట్టాడు. అతని వెంట నడిచిన ఉతుల్వానా దళం వాళ్లు కుర్రాళ్లు కారు, నలభై దాటినవాళ్లు, పెళ్లాం పిల్లలున్నవాళ్లు. లోపల దాదాపు 150 మంది తుపాకులతో కాచుకుని ఉంటే, వీళ్లు ఎక్కువగా ఈటెలతోనే, చీకటి పడ్డాక కూడా గంటల తరబడి ఆ గోడల మీదికి ఎక్కారు. లోపలివాళ్లు పోయింది 17 మంది. తెల్లారాక బయట 350కి పైగా జులూ శవాలు తేలాయి. గాయాలతో గడ్డిలో పడి ఉన్న జులూలను ఆ తర్వాత చంపేశారు. లోపలివాళ్లకు 11 విక్టోరియా క్రాస్ పతకాలు వచ్చాయి.

అన్న మాట దాటిన తమ్ముడు, ఉదయం యుద్ధంలో వాటా దక్కని నడివయసు మగవాళ్ల ఉక్రోషం, నది ఒడ్డున తీసుకోవలసిన నిర్ణయం: ఆ రోజు నాటకమంతా జులూల వైపే ఉంది. దాటాలా, వెనక్కి తిరగాలా? ఈ ప్రశ్న ఏ ఆటగాడి ముందూ పెట్టరు. ఆట మొదలయ్యేసరికి జులూలు నది దాటేసి ఉంటారు, చావడానికి సిద్ధంగా. డాలు మీద ఏ దళానికి ఏ రంగు మచ్చలుండాలో పుస్తకాలు తిరగేసి మరీ బొమ్మకు రంగులద్దే మనుషులు ఈ ఆటగాళ్లు. ఆ శ్రద్ధ మీద నాకు నిజంగా గౌరవముంది. అంత శ్రద్ధ ఉన్నవాళ్లు ఆ డాలు పట్టినవాడి తలలోకి తొంగి చూడకపోవడమే నా కోపానికి కారణం.

ఇది ఒక్క రోర్క్స్ డ్రిఫ్ట్ సంగతి కాదు. సూడాన్ యుద్ధాల కోసం హోవర్డ్ వైట్‌హౌస్ రాసిన ఆట నియమాలు ‘సైన్స్ వర్సెస్ ప్లక్’ తీసుకోండి. ఆటగాళ్లంతా బ్రిటిష్ అధికారులే. ఎదుటి పక్షమైన సూడాన్ మహ్దీ సైన్యాన్ని నడిపేది అంపైర్. శత్రువు ఎక్కడున్నాడో, ఎప్పుడు మీద పడతాడో తెలియని సేనాని ఆందోళన ఆటగాడికి తెలిసిరావాలి కదా అంటారు. బలమైన వాదనే. మరి మహ్దీ సేనాని ఉస్మాన్ దిగ్నాకు ఆందోళన లేదా? 1884 మార్చి 13న తమాయ్ దగ్గర అతని మనుషులు బ్రిటిష్ చతురస్ర వ్యూహంలోకి చొచ్చుకుపోయారు. ఆ రోజు ఎక్కడ పొంచి ఉండాలో, ఎప్పుడు లేవాలో ఎవరో మనిషే ఆలోచించాడు, ఆజ్ఞ ఇచ్చాడు. ఆ మనిషి కుర్చీలో ఆటగాడు ఎందుకు కూర్చోకూడదు? 1913లో హెచ్.జి.వెల్స్ ‘లిటిల్ వార్స్’ రాసినప్పుడు ఆటకు అటూ ఇటూ ఇద్దరు మనుషులే ఉన్నారు. ఎర్ర సైన్యానికీ నీలి సైన్యానికీ చెరొక బుర్ర ఉంది. నల్లవాడు శత్రువయ్యేసరికి ఆ రెండో కుర్చీ ఖాళీ అయింది.

ఇక సూడాన్‌లోనే ఒమ్‌దుర్మాన్. 1898 సెప్టెంబర్ 2న ఒక్క పూటలో 10,000 మందికి పైగా సూడానీలు చచ్చారు. బ్రిటిష్ సేనాని కిచెనర్ వైపు చచ్చినవాళ్లు యాభై మంది కూడా లేరు. మాక్సిమ్ తుపాకులూ ఫిరంగులూ ఆ పని చేశాయి. దీన్ని ఆటగా మార్చాలంటే రెండు పక్షాలకీ గెలిచే వీలుండాలి కాబట్టి, బ్రిటిష్ ఆటగాడు ఇన్ని బొమ్మలకు మించి పోగొట్టుకుంటే ఓడినట్టే అని షరతు పెట్టి తూకం సరిచేస్తారు. ఒమ్‌దుర్మాన్‌లో తూకం లేదు. లేని తూకాన్ని బల్ల మీద పుట్టించి, దానికి చరిత్ర అని పేరు పెట్టడం అబద్ధం. అక్కడ నిజంగా ఆడదగిన ఘట్టం ముందు రాత్రిది. చీకట్లోనే మీద పడదామని, మహ్దీ వారసుడైన ఖలీఫా సేనానులు కొందరు పట్టుబట్టారు. అదే జరుగుతుందేమోనని కిచెనర్ శిబిరం హడలిపోయింది. ఖలీఫా తెల్లారేదాకా ఆగాడు. ఎందుకు ఆగాడు? ఆగకపోతే ఏమయ్యేది? పాచికలు దొర్లించవలసింది అక్కడ.

తెలుగువాడికి ఇందులో ఏం పని అని అడిగేవాళ్లుంటారు. 1885లో సువాకిన్ దగ్గర తోఫ్రెక్‌లో బ్రిటిష్ పక్షాన పోరాడినవాళ్లలో మద్రాస్ సాపర్స్ ఉన్నారు. ఆ దళంలోకి తమిళులతో పాటు తెలుగువాళ్లనూ చేర్చుకునేవారు. ఇక జులూ యుద్ధం సాగుతున్న 1879లోనే, మార్చిలో, మన గోదావరి మన్యంలో రంప తిరగబడింది. ఇంటి అవసరానికి గీసుకునే కల్లు మీద కూడా ఆంక్షలు, మన్సబ్‌దారు వసూళ్లు, చిన్న అప్పుకి కోర్టు డిక్రీ తెచ్చి పశువుల్ని తోలుకుపోయే వర్తకులు: ఇవీ కారణాలు. తిరుగుబాటు నాయకులు ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్నదొర వరసకట్టి తుపాకుల ముందు నిలబడలేదు, అడవిని వాడుకున్నారు. ఇవాళ్టి నియమాలతో రంపను ఆటగా చేస్తే తమ్మన్నదొర మనుషులు పాచిక చెప్పినప్పుడు పొదల్లోంచి లేచి, పాచిక చెప్పినప్పుడు చస్తారు. ఆ కల్లుకీ ఆ డిక్రీకీ బల్ల మీద చోటుండదు. అందుకే ఇది నాకు పరాయి గొడవ కాదు.

ఆటను నిషేధించమని నేను అనడం లేదు. ఈ బొమ్మల పుణ్యాన సెట్ష్‌వాయో పేరు తెలుసుకున్నవాళ్లు ఎందరో ఉంటారు. ఆడండి, కానీ ఆటను జనవరి 22న మొదలుపెట్టకండి. 1878 డిసెంబర్ 11న మొదలుపెట్టండి. ఆ రోజు బ్రిటిష్ హైకమిషనర్ బార్టిల్ ఫ్రీర్ పంపిన తాఖీదు జులూలకు అందింది: ముప్పై రోజుల్లో నీ సైనిక వ్యవస్థను రద్దు చెయ్యి, లేదా యుద్ధం. సెట్ష్‌వాయోగా కూర్చున్న ఆటగాడికి ఆ ముప్పై రోజులూ ఇవ్వండి. ఎవరిని పంపి మాట్లాడించాలో, ఏది వదులుకోవాలో, ఏ దళాన్ని ఎక్కడ ఉంచాలో అతను తేల్చుకోనివ్వండి. ఎదుటి ఆటగాడు, లండన్ ప్రభుత్వం అప్పుడు వద్దనుకున్న యుద్ధాన్ని ఫ్రీర్ ఎందుకు నెత్తికెత్తుకున్నాడో నోరు తెరిచి చెప్పాలి. చెప్పలేకపోతే ఆ రాత్రికి బొమ్మలు బయటికి తీయొద్దు.