ప్రీఆంప్ మోజు – ఒక మనవి

ఇంటిలోనే పాడి ముద్రించుకొనే అలవాటు మన విద్యార్థులలో నానాటికీ పెరుగుతున్నది. సంతోషింపదగిన విషయమే. ఒకప్పుడు ఆకాశవాణి మెట్లెక్కితే గాని దొరకని అవకాశము నేడు పడకగదిలోనే దొరుకుతున్నది. కాని దాని వెంట ఒక భ్రమ కూడా ప్రవేశించినది. ముద్రణ బాగుండకపోతే తప్పు ప్రీఆంప్లిఫయరుదేనట. ఖరీదైనది కొంటే గొంతు దానంతట అదే బాగుపడునట.

గత వేసవిలో ద్వితీయ సంవత్సర విద్యార్థి ఒకరు తాము పాడిన గజల్ వినిపించి, "ఈ సరసర చప్పుడు పోవాలంటే వేరే ప్రీఆంప్ కొనాలట సార్, మా అబ్బాను అడిగాను" అన్నారు. తండ్రి ఆటో నడుపుతారు. ఆ పరికరము ఖరీదు ఆయన మూడు నెలల సంపాదన. వద్దని చెప్పుటకు ముందు పరీక్షించి చూడవలెనని మాకు తోచినది.

ప్రీఆంప్ చేసే పని చిన్నదని మేము అనము. 94 డెసిబెళ్ల ధ్వనికి షూర్ ఎస్ఎమ్7బి అనే డైనమిక్ మైకు ఇచ్చేది సుమారు 1.1 మిల్లీవోల్టు మాత్రమే. అదే ధ్వనికి రోడ్ ఎన్‌టి1-ఎ అనే కండెన్సర్ మైకు 25 మిల్లీవోల్టులు ఇస్తుంది. కనుక మొదటిదానికి 60 డెసిబెళ్ల వరకు పెంపు కావలెను. 2019 నాటి ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 గరిష్ఠముగా 56 ఇచ్చేది. 2023లో వచ్చిన నాలుగవ తరము 69 ఇస్తుంది. మెత్తగా పాడేవారికి ఈ భేదము నిజముగా పనికివచ్చేదే.

చప్పుడు మాట వేరు. 150 ఓముల నిరోధము ఊరక పడియున్నా, గది వేడికి అందులోని ఎలక్ట్రానుల కదలిక వల్ల సుమారు మైనస్ 131 డిబియు శబ్దము పుడుతుంది. అది ప్రకృతి గీసిన గీత. ఎంత ధర పెట్టినా దాని దిగువకు పోలేము. ఇంటి వాడుకకు అమ్మే సామాన్య పరికరములే మైనస్ 127, 128 వరకు చేరినవి. ఇక మిగిలినది మూడు నాలుగు డెసిబెళ్లు. దానికా మూడు నెలల సంపాదన?

భౌతికశాస్త్ర శాఖ మిత్రులు ఒక ఖరీదైన ప్రీఆంపును ఎరువు తెచ్చారు. రెండుసార్లు పాడిస్తే పాటే మారుతుంది గనుక, ముద్రించిన గొంతును స్పీకరులో వినిపించి, మైకు కదల్చక, రెండు పరికరములతోను పట్టాము. అందరము ఖరీదైనదే మేలన్నాము. తీరా చూస్తే దాని మట్టము రెండు డెసిబెళ్లు ఎక్కువ! బిగ్గరగా ఉన్నది మేలుగా తోచుట చెవి నైజము. మట్టములు సరిచేసి, పేర్లు దాచి మరల వినిపించగా ఎవ్వరమూ నిలకడగా పోల్చుకోలేకపోయాము. ఉర్దూ శాఖ పెద్దలొకరు ఒకే పరికరమును ఒకసారి "వాహ్" అన్నారు, మరొకసారి "బేకార్" అన్నారు. (వారి అనుమతితోనే వ్రాస్తున్నాము.)

1970లో రూపర్ట్ నీవ్ రూపొందించిన 1073 వంటివి గొంతుకు ఒక నిండుతనము ఇస్తాయని వృత్తి గాయకులు మెచ్చుకొంటారు. కాదనము. అన్నమే ఉడకనిచోట నేతి ప్రశస్తి ఎందుకన్నదే మా ప్రశ్న.

ఆ విద్యార్థి ఇంటికి వెళ్లి చూశాము. మైకు నోటికి 40 సెంటీమీటర్ల దూరములో ఉన్నది. నెత్తిన ఫ్యాను తిరుగుతున్నది. మైకును 10 సెంటీమీటర్లకు, కొంచెము ప్రక్కకు జరిపించాము. దూరము నాలుగవ వంతైతే గొంతు మట్టము 12 డెసిబెళ్లు పెరుగుతుంది. పెంపు అంత తగ్గించుకోవచ్చు, చప్పుడూ అంతే తగ్గుతుంది. ఫ్యాను ఆపి, వెనుక గోడకు రెండు బొంతలు వేలాడదీశాము. మే నెలలో ఫ్యాను ఆపి గజల్ పాడుట సామాన్యమైన తపస్సు కాదు. అయినా పాడారు. సరసర దాదాపు పోయినది. పైసా ఖర్చు కాలేదు.

సాంస్కృతిక సంఘమునకు ఖరీదైన ప్రీఆంప్ కొనవలెనన్న ప్రతిపాదన కమిటీ వారి ముందున్నది. దాని బదులు ఒక సామాన్యమైన రెండు మైకుల ఇంటర్‌ఫేసు, ఒక మంచి మైకు, స్టాండు కొని, పేద విద్యార్థులు రిజిస్టరులో సంతకము చేసి వారము రోజులు ఇంటికి తీసుకొనిపోయే ఏర్పాటు చేయవలెనని మా అభిప్రాయము. మిగిలిన సొమ్ముతో గ్రంథాలయము వెనుక గదికి మందపు తెరలు కట్టించవచ్చు. ఆ గది కిటికీలు వీధివైపు తెరచుకొంటాయి. ఎదుటనే బస్సు స్టాపు. ముందుగా ఆ కిటికీల సంగతి చూడవలెనని మనవి.