9 ఐరన్‌తో కొడితేనే మొనగాళ్ళమా?

మా శనివారం గోల్ఫ్ బ్యాచ్‌లో నలుగురమూ సాఫ్ట్‌వేర్ వాళ్ళమే. వారమంతా డేటా, డేటా అని జనాల బుర్ర తినే బాపతు. పార్ 3 హోల్ దగ్గరికి రాగానే ఆ డేటా అంతా కారు డిక్కీలోనే ఉండిపోతుంది.

మొన్నటి సంగతి చెప్తా. జెండా 140 గజాల్లో ఉంది. గ్రీన్ ముందు చెరువు, పైగా ఎదురుగాలి. ఒకాయన 9 ఐరన్ లాగాడు. "అన్నా, 7 తీసుకో" అన్నాను. నేనేదో ఆయన జీతం ఎంతని అడిగినట్టు ఓ చూపు చూసి, "నూట నలభైకి ఏడా? నాకు తొమ్మిది చాలు" అన్నాడు. బంతి చక్కగా లేచింది, చక్కగా చెరువులో పడింది. "సరిగ్గా తగల్లేదు గానీ క్లబ్ కరెక్టే" అని వ్యాఖ్యానం ఒకటి! ఇంకో బంతి తీశాడు. అదే క్లబ్, అదే చెరువు.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. అద్భుతంగా తగిలితే తప్ప చేరని క్లబ్ కరెక్ట్ క్లబ్ ఎలా అవుతుందండీ? ప్రాక్టీసులో ఇరవై కొడితే ఒక్కటి 140 పోతుంది, మిగతావన్నీ 120, 125. ఆ ఒక్కదాన్నీ పట్టుకుని "నా 9 ఐరన్ 140" అని ఊరంతా చాటింపు. ఒక్క రిక్వెస్ట్ 10 మిల్లీసెకన్లలో వచ్చిందని మన సర్వర్ స్పీడు 10 మిల్లీసెకన్లని ఎవరైనా రిపోర్టు రాస్తే రివ్యూలో ఉతికి ఆరేయమూ?

అసలు కామెడీ ఏంటంటే, ఏ నంబరుకి ఎంత లాఫ్ట్ ఉండాలో రూలేమీ లేదు. క్లబ్ మొహం వాలు తగ్గేకొద్దీ బంతి దూరం పోతుంది. 1980ల్లో 7 ఐరన్ అంటే 35 డిగ్రీల దగ్గర్లో ఉండేది. ఇప్పుడు మనబోటి వాళ్ళకి అమ్మే సెట్లలో చాలావాటికి 30, ఇంకా తక్కువ కూడా. పాత 6 మీద, ఒక్కోసారి పాత 5 మీదే 7 అని చెక్కి అమ్ముతున్నారన్నమాట. మనమేమో కండలు పెరిగాయనుకుని మురిసిపోతున్నాం :)

1973 బ్రిటిష్ ఓపెన్, రాయల్ ట్రూన్‌లో 8వ హోల్. దాని ముద్దుపేరు పోస్టేజ్ స్టాంప్, దూరం 130 గజాలు కూడా లేదు. ఏడు మేజర్లు గెలిచిన జీన్ సారజెన్, 71 ఏళ్ళ వయసులో, అక్కడ 5 ఐరన్ తీశాడు. హోల్ ఇన్ వన్! నూట పాతికకి ఐదా అని ఆయన సిగ్గుపడలేదు మరి.

2019 మాస్టర్స్ చివరి రోజు కూడా చూడండి. ఆగస్టా 12వ హోల్ 155 గజాలు, ముందు వాగు. మోలినారి, కోప్కా, ఫినావ్, పోల్టర్.. నలుగురూ నీళ్ళలోనే. టైగర్ వుడ్స్ జెండా జోలికి పోకుండా ఎడమ పక్కకి, గ్రీన్ మధ్యలోకి కొట్టి పార్ చేసుకున్నాడు, కోటు తొడుక్కున్నాడు. వాళ్ళకే అలా ఉంటే మనమెంత?

"పెద్ద క్లబ్ తీస్తే గ్రీన్ దాటిపోదూ?" అంటారు. వెనకాల కూడా నీళ్ళో, బంకరో ఉంటే ఆ మాట ఒప్పుకుంటా. మేం ఆడే చోట వెనకంతా పచ్చగడ్డే. పోయిన సీజన్‌లో మా నలుగురిలో ఆ గ్రీన్ దాటించినవాడు ఒక్కడూ లేడు. చెరువుకి సమర్పించుకున్న బంతులకి మాత్రం లెక్కే లేదు. అందులో నావీ బోలెడు, దాచుకోను.

ఈ శనివారం ఎదురుగాలి ఉంటే నేను 6 తీస్తున్నా. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.